గురుతు కొరకు మూడు రాత్రులు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ప్రతి ఏడూ వలెనే ఒక ప్రబంధకవిని గురించియో, ఒక శతకాన్ని గురించియో నాలుగు పుటలు నింపి ఇవ్వవచ్చునని అనుకొన్నాను. ఈ ఏడు కలం అటు సాగలేదు. నాలుగేండ్లుగా మనస్సులో మెదలుతున్న విషయం ఒకటున్నది. అది పాఠ్యప్రణాళికలో లేదు, పరీక్షలో ఎవరూ అడుగరు. ఒక కతోలిక స్త్రీ తన జపమాల ప్రార్థనలో దేవుని గురుతు అందినదని నమ్మినది. ఆమె మాట పట్టుకొని ఒక ముస్లిం కుటుంబం ఒక కాగితం మీద సంతకం చేసినది. ఆ కుటుంబం మాది.

మా అబ్బా తెనాలిలో బోసు రోడ్డుకు దగ్గరి సందులో ముప్పది ఏండ్లకు పైగా కుట్టుమిషను త్రొక్కినారు. బురఖాలు కుట్టేవారు, లాల్చీలు కుట్టేవారు. క్రైస్తవుల ఆడపిల్లలు ప్రథమ దివ్యసత్ప్రసాదం నాడు తొడుగుకొనే తెల్ల గౌన్లూ కుట్టేవారు. గౌను అంచుకు లేసు వేయడంలో సాయిబు గారి తరువాతనే ఎవరైనా అని ఆ వీధిలో పేరు. ఆ బేరాలు తెచ్చిపెట్టేది మా ఇంటికి రెండిండ్ల అవతల ఉండే టీచరమ్మ గారు. పలక మీద నా చేత అక్షరాలు దిద్దించినదీ ఆమెయే. నేడు నేను తెలుగు చెప్పి జీతం తీసికొంటున్నానంటే ఆ పుణ్యంలో మొదటి భాగం ఆమెది. ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైనది. పిల్లలు లేరు, భర్త గతించినారు. సాయంకాలం అసర్ నమాజు ముగించి నేను ఇంటికి వచ్చే వేళకు ఆమె అరుగు మీద కూర్చొని జపమాల పూసలు జరుపుతూ ఉంటారు.

నాలుగేండ్ల క్రిందట చలికాలంలో అబ్బాకు గుండెనొప్పి వచ్చినది. గుంటూరులోని ఒక ఆసుపత్రిలో చేర్చినాము. మూడు రక్తనాళాలు మూసుకొనిపోయినవని, మూత్రపిండాలు కూడ బలహీనంగా ఉన్నవని తేలినది. ఆపరేషను చేస్తే బల్ల మీదనే పోవచ్చును. చేయకపోతే ఆరు నెలలు గడువవచ్చును, ఆరు దినములూ గడువకపోవచ్చును. వైద్యుడు మంచివాడు, దాపరికం లేకుండ చెప్పినాడు. మూడు దినములలో ఆలోచించుకొని చెప్పమన్నాడు.

మాలో ఇటువంటి సందిగ్ధంలో ఇస్తిఖారా చేయడం ఆచారం. రెండు రకాతుల నమాజు చేసి, ఈ పనిలో మేలున్నచో సులభం చేయుమని, కీడున్నచో మరలింపుమని వేడుకోవడమే దాని సారాంశం. అందులో కలను గురించిన మాట ఎక్కడా లేదు. అయినను కలలో తెల్లనివో పచ్చనివో కనబడితే శుభమని, ఎర్రనివో నల్లనివో కనబడితే కూడదని మన ప్రాంతంలో పెద్దలు చెప్పుకొంటూ ఉంటారు. నేను ఎం.ఏ. చదివినవాడను, క్లాసులో మూఢనమ్మకాలను ఖండించేవాడను. అయినా ఆ మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకొని పచ్చరంగు కొరకు కాచుకొన్నాను. మొదటి రాత్రి నిద్రే రాలేదు. రెండవ రాత్రి పట్టిన కొంచెం నిద్రలో పరీక్షపత్రాలు దిద్దుతున్నట్లు కల వచ్చినది. వాటిని దిద్దే సిరా ఎర్రనిది కదా అని తెల్లవారుజామున లేచి భయపడినాను. నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. మూడవ రాత్రి ఏమీ లేదు.

ఆ మూడవ నాటి ఉదయం ఆరు గంటలకు టీచరమ్మ గారు తెనాలి నుండి మొదటి బస్సులో వచ్చినారు. చేతిలో ఫ్లాస్కు, దానితో పాటు చుట్టిపెట్టిన జపమాల. ముఖంలో నేనెన్నడూ చూడని కాంతి. "బాబూ, భయం లేదు. ఆపరేషను చేయించు. సాయిబు గారు ఇంటికి వస్తారు. మరియమాత గురుతిచ్చింది" అన్నారు. మూడు రాత్రులుగా ఆమె కూడ మా కొరకు జపమాల చెప్పుకొంటున్నారట. నిన్నటి రాత్రి నాలుగవ దశకం సగంలో ఉండగా, వీధిలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా దూరమైనట్లు, గుండెమీది బరువెవరో చేతితో తీసివేసినట్లు, ప్రక్కన ఎవరో వచ్చి కూర్చొన్నట్లు అయినదట. ఎంతసేపో తెలియదు. తిరిగి తెలివి వచ్చేసరికి వేళ్ళ మధ్య పూస ఎక్కడిదక్కడనే ఉన్నదట.

నాకు రాని గురుతు ఆమెకు వచ్చినది. అదే చాలునని అనుకొన్నాను. లోపలికి పోయి కాగితం మీద సంతకం చేసినాను. అమ్మీకి చదువు రాదు గనుక ఆమె నా పేరు క్రింద బొటనవ్రేలి ముద్ర వేసినది.

ఆపరేషను అయిన ఐదవ నాడు అబ్బా మరణించినారు.

ఆ తరువాత సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. టీచరమ్మ గారు మా గడప ఎక్కినప్పుడెల్ల నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి! ఆమె మాత్రం మానలేదు. ప్రతి సాయంకాలం వచ్చి అమ్మీ ప్రక్కన కూర్చొనేవారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకొనేవారు కూడ కాదు. అమ్మీ తస్బీహ్ త్రిప్పేది, ఆమె జపమాల త్రిప్పేవారు. నలభయ్యవ నాటి ఫాతిహా ముగిసి బంధువులందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె నన్ను పేరు పెట్టి పిలిచినారు. చిన్నప్పుడు పలక తెమ్మని పిలిచిన పిలుపు అది. పోక తప్పలేదు.

"నేను నీకు అబద్ధం చెప్పలేదు బాబూ. నిజమూ చెప్పలేదు" అన్నారామె. "ఆ రాత్రి నాకు శాంతి కలిగింది. అది నిజం, ఇప్పటికీ నిజమే. మీ నాన్నగారు ఇంటికి వస్తారన్న మాట మాత్రం నాకెవ్వరూ చెప్పలేదు. ఆ మాట నేను కలుపుకున్నాను. అంత శాంతిగా ఉంటే ఇంకేమి అర్థం అవుతుందిలే అనుకున్నాను. ఆ పాపం ఫాదర్ గారి దగ్గర కూడా చెప్పుకున్నాను."

"వారేమన్నారు?" అని అడిగినాను. నా గొంతులో కోపం ఇంకా ఉన్నది.

"నీకిచ్చిన దాన్ని పొరుగింటివారి ఉత్తరం అనుకొని చేరవేశావమ్మా అన్నారు."

ఇంతకంటె సూటిగా ఈ విషయాన్ని చెప్పిన వాక్యం ఆ తరువాత నేను తిరగవేసిన పుస్తకాలలో కూడ నాకు కనబడలేదు. తిరగవేసినానని ఎందుకంటున్నాననగా, ఆ రాత్రి నుండి నాకొక పట్టుదల కలిగినది. కతోలికుల ప్రార్థనలో గురుతు అనేదానికి వారి శాస్త్రమే ఏమి విలువ ఇస్తున్నదో తెలిసికొనవలెననిపించినది. కోపంతో మొదలైన చదువు అది. తప్పు పట్టుకొందామని మొదలుపెట్టినాను.

ముందు జపమాల సంగతి. దానిలో యాభై తొమ్మిది పూసలుండును. అందులో యాభై మూడు మంగళవార్త జపాలకు, ఆరు పరలోక జపాలకు. ఐదు దశకాలు, ఒక్కొక్క దశకానికి ఒక దేవరహస్యం. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలని మూడు వరుసలు శతాబ్దాలుగా ఉండగా, 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు దేవరహస్యాలను చేర్చినారు. మూడు వరుసలూ కలిపితే నూట యాభై మంగళవార్తలు. మనం జబూర్ అనే దావీదు కీర్తనలు నూట యాభై. చదువు రాని సామాన్యులు కీర్తనలకు మారుగా నూట యాభై సార్లు ఈ చిన్న జపాన్ని చెప్పుకొనేవారట. మన తస్బీహ్‌లో ముప్పది మూడో తొంబది తొమ్మిదో పూసలుండును. లెక్క వేరు గాని వ్రేళ్ళకు పని చెప్పి మనస్సును ఒక చోట నిలుపుకొనే ఉపాయం ఒక్కటే. అమ్మీకి, టీచరమ్మ గారికి ఈ సంగతి నాకంటె ముందే తెలిసినట్లున్నది.

ఇక గురుతుల విషయంలో నేననుకొన్నదానికి పూర్తిగా విరుద్ధం. శ్రీసభ వీటిని ఎగబడి నమ్ముతుందని నా అభిప్రాయం. చూడగా, ఎగబడి నమ్మేది జనం, శ్రీసభ కాళ్ళీడ్చుతుంది. వ్యక్తులకు కలిగే దర్శనాలను, ప్రకటనలను విశ్వాసానికి మూలధనంలో చేర్చరాదని 1992లో వెలువడిన వారి సత్యోపదేశ గ్రంథం నిర్ణయించినది. 2024 మే నెలలో వాటికన్ వారు క్రొత్త నియమాలు ప్రకటించినారు. వాటి ప్రకారం ఒక సంఘటనను మెచ్చుకొన్నప్పుడు సైతం సాధారణంగా 'అభ్యంతరం లేదు' అనేవరకే వెళ్ళుదురు గాని, ఇది దేవుడు చేసినదేనని ముద్ర వేయరు. స్పెయిన్ దేశంలో 16వ శతాబ్దంలో జీవించిన పునీత సిలువ యోహాను ఇంకను కఠినుడు. ప్రార్థనలో దర్శనాలు, స్వరాలు, పరిమళాలు కోరుకొనరాదని, వచ్చినను వాటిని పట్టుకొని వ్రేలాడరాదని ఆయన బోధ. గొప్ప భక్తికవి ఈ మాట అనడం నన్ను ఆశ్చర్యపరచినది.

ఈ విషయంలో నాకు ఎక్కువ ఉపకరించినవాడు లొయోలా ఇగ్నేషియసు. ఆయన మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగినది. మంచాన పడి ఉన్నప్పుడు చదువుకొనడానికి ఇంటిలో క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు తప్ప మరేమియు దొరకలేదు. వీరగాథలను తలచుకొన్నప్పుడు ఆయనకు ఆ కొంతసేపు ఉల్లాసంగా ఉండి తరువాత మనస్సు ఎండిపోయినట్లయ్యేది. పునీతులను తలచుకొన్నప్పుడు కలిగిన ఉల్లాసం మాత్రం తలపు పోయిన తరువాత కూడ నిలిచేది. ఈ తేడా గమనించడంతో ఆయన జీవితమే మారినది. కలిగిన క్షణంలో అనుభూతి ఎంత గొప్పగా ఉన్నదనేది కాదు, అది పోయిన తరువాత ఏమి మిగిలినదనేది చూడవలెను. ఇంకొక సూక్ష్మం కూడ ఆయన చెప్పినాడు. దేవుని ఓదార్పు కలిగిన క్షణం వేరు, ఆ వెచ్చదనం ఇంకా ఉండగా మన బుద్ధి అల్లుకొనే ఊహలు వేరు. మొదటిది నిర్మలమైనను రెండవదానిలో మోసపోవచ్చును. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి చాలసేపు కూర్చొన్నాను. టీచరమ్మ గారు అరుగు మీద కూర్చొని 'ఆ మాట నేను కలుపుకున్నాను' అన్నది ఇదియే.

తెలుగునాట ఇటువంటి విషయాలు లేవనుకొనరాదు. మంగళగిరి ఆనందకవి 18వ శతాబ్దంలోనే 'వేదాంత రసాయనం' అనే కావ్యంలో క్రీస్తు కథను తెలుగు పద్యాలలో పెట్టినాడు. మన సాహిత్య చరిత్రలలో ఆయనకు నాలుగు పంక్తులకు మించి దొరకకపోవడం వేరే వ్యాసానికి విషయం. కృష్ణ ఆవలి గట్టున గన్నవరం దగ్గర పెద్ద అవుటపల్లిలో జోసఫ్ తంబి గారి సమాధి ఉన్నది. ఆయన ఫ్రాన్సిసు సభ వస్త్రం ధరించి బిక్షాటనతో బ్రతికిన సాధువు. 1945 జనవరి 15న కన్నుమూసినారు. ప్రార్థనవేళ ఆయన దేహం మీద క్రీస్తు పంచగాయాలు కనబడేవని జనం చెప్పుకొందురు. ఏటేటా జనవరిలో జరిగే ఉత్సవానికి మన తెనాలి, రేపల్లె ప్రాంతాల నుండి కూడ వేలమంది పోవుదురు. శ్రీసభ ఆయనకు దైవసేవకుడనే పేరిచ్చి విచారణ సాగిస్తున్నది, పునీతుడని ఇంకా ప్రకటించలేదు. గాయాల మాట నేనెరుగను. ఆయన తనకు దొరికినది బీదలకు పెట్టేవారని చెప్పేటప్పుడు టీచరమ్మ గారి గొంతు మారుతుంది. గాయాలను గురించి చెప్పేటప్పుడు మారదు. ఇది నేను గమనించినాను.

ఒకనాడు ఆమెను అడిగినాను, "అమ్మగారూ, ఇంత తెలిసినవారు ఆ రాత్రి ఎట్లా పొరబడినారు?" అని. ఆమె సమాధానానికి బదులు బాపట్ల కథ చెప్పినారు.

1977 నవంబరు 19, శనివారం. ఆమెకు అప్పుడు పదునేడేండ్లు. రేపల్లె ప్రక్క పల్లె నుండి వచ్చి బాపట్లలో మేనత్త ఇంట ఉండి చదువుకొంటున్నారు. ఆ తుపాను సంగతి మన విద్యార్థులు తాతల నోట వినియే ఉందురు. దివిసీమ మీదికి తాటిచెట్టంత ఎత్తున సముద్రం వచ్చినదని పెద్దలు చెప్పుదురు. చనిపోయినవారు 10,000కు తక్కువ కారు. బాపట్లలో గాలి. పెంకులన్నీ లేచిపోగా ఇంటిలోని ఏడుగురు ఒక మూల గదిలో చేరి చీకటిలో తెల్లవార్లు జపమాల చెప్పుకొన్నారట. ప్రక్క ఇంటి గోడ కూలినది, వీరి గోడ నిలిచినది. మేనత్త దానిని మరియమాత గురుతుగా బ్రతికినంతకాలం చెప్పుకొనేది.

"తెల్లవారి బయటికి వస్తే," అన్నారు టీచరమ్మ గారు, "ఊళ్ళో ఒక చర్చిలో తలదాచుకున్న వాళ్ళ మీద కట్టడం కూలిపోయిందని తెలిసింది. వందమంది దాకా బాబూ. ఇళ్ళు వదిలేసి దేవుని ఇంట్లోకి పోయిన వాళ్ళు. వాళ్ళు ప్రార్థన చేయలేదా? మా అత్త గోడ గురుతయితే ఆ గోడ ఏమిటి? ఆ ప్రశ్న నేను అత్తను అడగలేదు, ఏ ఫాదర్ గారినీ అడగలేదు. అందుకే పొరబడ్డాను. నలభై ఏళ్ళకు పైగా అడగని ప్రశ్న ఉంటే, ఆ రాత్రి మీ నాన్నగారి విషయంలోనైనా జవాబు వచ్చిందనుకోవాలని ఆశ పుట్టదా?"

నేనేమియు మాట్లాడలేకపోయినాను. ఆమె మాటలలో గురుతు వచ్చినదన్న సంతోషం వెనుక ఎంత పాత ఆకలి ఉన్నదో అప్పుడు తెలిసినది. నా ఆకలి మూడు రాత్రులది. ఆమెది ఒక జీవితకాలపుది.

ఉప్పెన తరువాత దివిసీమకు వచ్చినవారిలో మదర్ థెరిసా కూడ ఉన్నారు. బురదలో, శవాల వాసనలో తిరిగిన ఆమెను చూచినవారు, ఈమెకు దేవుడు ప్రతి దినం ప్రత్యక్షమౌతూ ఉండవలెను, లేకున్న ఇంత బలం ఎక్కడిదని అనుకొని ఉందురు. 2007లో ఆమె ఆంతరంగిక లేఖలు అచ్చయినవి. లోకం నిర్ఘాంతపోయినది. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు పోయే రైలులో ఆమెకు పేదలలో పేదల వద్దకు వెళ్ళుమన్న పిలుపు వచ్చినది. ఆ తరువాత కొంతకాలానికి, పని మొదలైన నాటినుండియే, ప్రార్థనలో దేవుని జాడ అణగిపోయినది. ఒక్కసారి మాత్రం, 1958లో పన్నెండవ పయస్ పోపు గారు మరణించినప్పుడు, ఆయన ఆత్మశాంతికి జరిగిన పూజలో, తన సభ దేవునికి సమ్మతమేనని ఒక నిదర్శనం ఇప్పించుమని ఆమె వేడుకొన్నది. అక్కడికక్కడే పదేండ్ల చీకటి తొలగిపోయినదట. అడిగిన గురుతు అడిగిన చోటనే వచ్చినది! నెల దాటి కొన్నాళ్ళకు ఆ వెలుగు పోయినది, చీకటి తిరిగి వచ్చినది. 1997లో మరణించేవరకు దాదాపుగా అదే స్థితి. అనగా, 1977లో దివిసీమ బురదలో నడచిన ఆ స్త్రీకి లోపల ఏ గురుతూ లేదు. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినవారికి ఈ ఉత్తరాల సంగతి తెలియనిది కాదు.

మన సూఫీ పెద్దలు దీనిని ఖబ్జ్ అందురు, అనగా ముడుచుకొనిపోవడం. దానికి ఎదురైన వికాసాన్ని బస్త్ అందురు. రెండును ఒక్క చేతి నుండియే వచ్చునని వారి మాట. కతోలికులు రాత్రి అందురు. పేరేదైనను, గురుతు లేకపోవడం ప్రార్థన విఫలమైనదనడానికి గురుతు కాదని ఇరువురూ అంగీకరించుచున్నారు.

ఇక్కడ భాషను గురించి ఒక మాట చెప్పకుండ ఉండలేను, వృత్తి అట్టిది. తెలుగులో నిదర్శనం, సాక్షాత్కారం, ప్రత్యక్షం అనే మాటలన్నీ కంటికి సంబంధించినవి. ప్రత్యక్షమనగా కన్నెదుట నిలిచినది. అరబ్బీలో ఆయత్ అనగా గురుతు. ఖురాను వాక్యానికి కూడ అదే పేరు. తెలుగు బైబిలులో సూచకక్రియ అన్నారు. ఈ రెండును కంటికి నిండేవి కావు, వేరొక దిక్కు చూపేవి. ఇక ఉర్దూ మీడియం విద్యార్థులు గమనించవలసినది: ఆయత్‌కు మీరు చెప్పే అర్థం నిషానీ. మన తెలుగు రిజిస్ట్రారు ఆఫీసులలో నిశానీ అంటే చదువురానివారు వేసే వ్రేలిముద్ర. మాట ఒక్కటే. నేను ఆకాశం వంక చూచి నిషానీ కొరకు మూడు రాత్రులు కాచుకొన్నాను. అమ్మీ నా పేరు క్రింద నిశానీ వేసి, చీర చెంగుతో వ్రేలి సిరా తుడుచుకొని, అబ్బా కాళ్ళ వద్దకు పోయి కూర్చొన్నది. ఆమె ఎవరినీ గురుతు అడుగలేదు.

జకరియ్యా ప్రవక్త కథ రెండు గ్రంథాలలోను ఉన్నది. ముసలివాడు, భార్య గొడ్రాలు. ప్రార్థన చేస్తూ ఉండగా బిడ్డ కలుగునన్న వార్త వచ్చినది. లూకా సువార్తలో, ఇది నాకెట్లు తెలియునని ఆయన అడిగినందుకు, నమ్మనందుకు, బిడ్డ పుట్టేవరకు మూగవాడగునని దూత చెప్పినాడు. మన ఖురానులో వరుస వేరు. ఆయన ప్రభువును ఒక ఆయత్ ఇమ్మని అడుగును. మూడు దినములు సైగలతో తప్ప మనుష్యులతో మాట్లాడలేకపోవడమే నీ ఆయత్ అని సమాధానం. ఆలి ఇమ్రాన్ సూరాలో మూడు దినములన్నారు, మర్యమ్ సూరాలో మూడు రాత్రులన్నారు. ఒక గ్రంథంలో శిక్షగా వచ్చిన మౌనం ఇంకొక గ్రంథంలో గురుతుగా వచ్చినది. నా మూడు రాత్రులను దీనితో పోల్చుకొనే సాహసం నాకు లేదు. ఆయన ప్రవక్త, నేను జీతగాడను. అయినా ఈ వాక్యాలు నేను చిన్ననాటి నుండి వల్లించినవే. ఆసుపత్రి చాప మీద అవి జ్ఞాపకం రాలేదు. ఏదో ఒక రంగు కనబడవలెనని చూస్తూ ఉన్నందువల్ల కాబోలు.

సంతకం నాది. టీచరమ్మ గారి మాట లేకున్నను, వైద్యుడు చెప్పినదాన్ని బట్టి నేను అదే కాగితం మీద అదే సంతకం చేసి ఉందునేమో. తేడా ఏమనగా, ఆ బరువు నా భుజాల మీదనే ఉండేది. ఆ బరువు మోయలేక ఒక ముసలామె జపమాల మీద దానిని వ్రేలాడదీసినాను. ఆమె పొరపాటును ఆమె ఫాదర్ గారి వద్ద చెప్పుకొన్నది. నా పొరపాటు చెప్పుకొనడానికి మాలో అటువంటి చోటు లేదు; నేరుగా అల్లాతోనే చెప్పుకొనవలెను. చెప్పుకొన్నాను. ఆమెతో చెప్పడానికి మాత్రం ఏడాది పట్టినది.

గత నవంబరు 2వ తేదీ సమాధుల పండుగ. ఆ దినాన రేపల్లెలో నాకు పని ఉన్నది. తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కగా టీచరమ్మ గారు ఎదురు బల్ల మీద ఉన్నారు. అమ్మానాన్నల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించడానికి ఏటేటా పోవుదురు. మోకాళ్ళ నొప్పులు, సంచి బరువుగా ఉన్నది. వేమూరు దాటేవరకు కాలేజీ కబుర్లు. ఆ తరువాత ఆమె జపమాల తీసినారు. నేను కూడ జేబులోని తస్బీహ్ తీసినాను. భట్టిప్రోలులో ఎవరో బుట్టలతో ఎక్కి మమ్మిద్దరినీ మార్చి మార్చి చూచినారు. పల్లికోన వచ్చేసరికి నాది ముగిసినది, ఆమెకు ఇంకొక దశకం ఉన్నది.

"ఈమధ్య ఏమైనా తెలుస్తున్నదా అమ్మగారూ, జపంలో?" అని అడిగినాను.

"ఏమీ లేదు బాబూ. ఆ రాత్రి తరువాత ఒక్కసారి కూడా లేదు. యాభై మూడూ అలాగే జరిగిపోతున్నాయి" అన్నారు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

నా పని మధ్యాహ్నానికి గాని లేదు గనుక సంచి పట్టుకొని ఆమెతో ఆటోలో వారి పల్లెకు, ఊరి బయట సమాధుల తోటకు వెళ్ళినాను. అప్పటికే జనం చేరినారు. సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు, వరుసగా కొవ్వొత్తులు. పొలాల మీదుగా గాలి విసురుగా ఉన్నది. ఆమె తండ్రి సమాధి మీద పెట్టిన కొవ్వొత్తి నిలిచినది. తల్లి సమాధి మీది కొవ్వొత్తి వెలిగించినప్పుడెల్ల ఆరిపోతున్నది. రెండుసార్లు ఆరినది, మూడుసార్లు ఆరినది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి ఆమె ముఖం వంక చూచినాను. ఎందుకు చూచినానో ఆమెకు తెలిసిపోయినది.

"గాలి బాబూ, వట్టి గాలి" అన్నారు టీచరమ్మ గారు. "ఆ అగ్గిపెట్టె ఇటివ్వు."